చిల్లు ఉంటేనే నిలిచే గుండె

గోదావరి జిల్లాల్లో పుట్టిన బిడ్డ గుండెలో ఏ లోపం బయటపడినా ఇంటికి చేరే కబురు ఒక్కటే: ‘గుండెకి చిల్లంట’. గుండెకు చేసే స్కాన్ ఎకో, దాని రిపోర్టులో అరపేజీ ఇంగ్లీషు ఉంటుంది. అది కాకినాడ నుంచో రాజమండ్రి నుంచో ఊళ్లోకి వచ్చేసరికి ఆ మాటే మిగులుతుంది. చాలాసార్లు అది తప్పేం కాదు. పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో గదుల మధ్య గోడకు మిగిలిపోయిన రంధ్రాలే ఎక్కువ. వాటిలో చిన్నవి కొన్ని పిల్లాడు నడక నేర్చేలోపే పూడిపోతాయి కూడా. కానీ ఒక జబ్బు దగ్గర ఈ మాట తల్లకిందులవుతుంది. అక్కడ చిల్లు ఉంటేనే బిడ్డ బతుకుతాడు. లేకపోతే డాక్టర్లే పనిగట్టుకుని చిల్లు పెడతారు. గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద ధమనులూ ఒకదాని చోట ఒకటి అతుక్కుని పుట్టడమే ఆ జబ్బు. దాని పూర్తి పేరు ట్రాన్స్‌పొజిషన్ ఆఫ్ ది గ్రేట్ ఆర్టరీస్. హాస్పిటల్లో అందరూ టీజీఏ అంటారు.

పుట్టే ప్రతి వెయ్యి మందిలో ఎనిమిది, తొమ్మిది మంది బిడ్డలకు గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఆ లోపాల్లో నూటికి ఐదు దాకా టీజీఏ. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. అంకెగా చూస్తే అరుదే. అయితే వైద్యం అందకపోతే వీళ్లలో 30 శాతం మంది మొదటి వారంలోనే, సగం మంది మొదటి నెలలోనే, 90 శాతం మంది ఏడాది తిరక్కుండానే పోతారు. అదే బిడ్డ మంచి సెంటరుకు వేళకు చేరితే, ఆపరేషన్ అయిన నూరు మందిలో 95 మందికి పైగా బతుకుతున్నారు. ఒకే జబ్బుకు ఇంత దూరంగా ఉన్న రెండు లెక్కలు వైద్యంలో తక్కువగా కనిపిస్తాయి. ఏ బిడ్డ ఏ లెక్కలోకి వెళ్తాడన్నది చాలావరకు పుట్టిన చోటు నుంచి ఆపరేషన్ బల్ల దాకా ఉన్న దారి తేల్చేస్తోంది.

డెల్టాలో పెరిగినవాళ్లకు రక్త ప్రసరణ గురించి చెప్పడం తేలిక. ప్రతి చేనుకూ ఒక పక్క పంటబోదె, ఇంకో పక్క మురుగుబోదె ఉంటాయి. ధవళేశ్వరం దగ్గరో విజ్జేశ్వరం దగ్గరో లాకులు దాటిన నీరు కాలువల్లోంచి బోదెల్లోకి, అక్కడి నుంచి చేలోకి పారుతుంది. వాడుకున్న నీరు మురుగుబోదెలోంచి డ్రెయిన్‌లోకి దిగి సముద్రం దారి పడుతుంది. ఒంట్లో తేడా ఒక్కటే. ఇక్కడ మురుగు సముద్రానికి పోదు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, ఆక్సిజన్ పట్టుకుని, మంచి రక్తంగా తిరిగొస్తుంది. గుండె కుడి పక్కన చెడు రక్తాన్ని తోడే పంపు, ఎడమ పక్కన మంచి రక్తాన్ని తోడే పంపు. కుడి జఠరిక, అంటే కుడి కింది గది నుంచి పుపుస ధమని ఊపిరితిత్తులకు పోతుంది. ఎడమ జఠరిక నుంచి బృహద్ధమని ఒళ్లంతటికీ పోతుంది. రక్తం ఒక పంపు దాటితేనే రెండో పంపుకు చేరుతుంది.

టీజీఏలో పంపులు రెండూ ఉండాల్సిన చోటే ఉంటాయి. వాటికి తగిలించిన గొట్టాలు మారిపోతాయి. కుడి జఠరికకు బృహద్ధమని, ఎడమ జఠరికకు పుపుస ధమని. దాంతో ఒళ్లంతా తిరిగొచ్చిన చెడు రక్తం ఊపిరితిత్తుల మొహం చూడకుండా మళ్లీ ఒంట్లోకే పోతుంది. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం మళ్లీ ఊపిరితిత్తులకే పోతుంది. దాళ్వాకి, అంటే రెండో పంటకి కాలువ నీరు అందనప్పుడు శివారు రైతులు డ్రెయిన్‌కి అడ్డుకట్ట వేసి ఆ నీళ్లే ఇంజన్లతో తోడుకోవడం డెల్టాలో అందరూ చూసిందే. అలా రెండు మూడు తడులు గట్టెక్కించొచ్చు. పంట పొడుగునా ఆ మురుగే తిప్పితే చేను మిగలదు. మెదడు, మూత్రపిండాలు, గుండె కండరం ఆ చేనులాంటివే. ఇక్కడ తడికీ తడికీ మధ్య ఉండే గడువు గంటల్లో ఉంటుంది.

మరి తల్లి కడుపులో తొమ్మిది నెలలు ఎలా పెరిగాడు? కడుపులో ఊపిరితిత్తులకు పనే లేదు. ఆక్సిజన్ మాయ నుంచి వస్తుంది. పై గదుల మధ్య ఒక చిన్న కిటికీ, రెండు పెద్ద ధమనుల మధ్య డక్టస్ అనే ఒక అడ్డదారి తెరిచే ఉంటాయి కాబట్టి రక్తం ఎటైనా కలుస్తుంది. గొట్టాలు మారిన సంగతి ఒంటికి తెలియనే తెలియదు. అందుకే ఈ పిల్లలు బక్కచిక్కి పుట్టరు. మూడు కేజీల బరువుతో, గదంతా మారుమోగేలా ఏడుస్తూ పుడతారు. బొడ్డు కోసిన క్షణం నుంచి మాయ ఉండదు. మొదటి రోజు గడిచేలోపు డక్టస్ మూసుకోవడం మొదలుపెడుతుంది. పై గదుల మధ్య కిటికీ కూడా బిగుస్తుంది. మామూలు బిడ్డకు ఈ రెండూ మూతపడటం ఎదుగుదల. ఈ బిడ్డకు అవే ఊపిరి తలుపులు.

మొదటి గంటల్లో ఈ జబ్బు దొరక్కుండా తప్పించుకునే తీరు చాలా మామూలుగా ఉంటుంది. ఒళ్లు కాస్త నల్లబడితే ‘మేనమామ చాయ వచ్చింది’ అంటారు. చేతులూ కాళ్లూ నీలంగా ఉంటే చలి అనుకుంటారు, నిజంగానే చాలామంది పిల్లలకు అది చలి వల్లే. చామనచాయ ఒంటి మీద నీలం తేలిగ్గా కనపడదు. చూడాల్సింది నాలుక, పెదవి లోపలి వైపు, చిగుళ్లు. ఊపిరి కాస్త వేగంగా తీస్తుంటే ‘ఉమ్మనీరు తాగేశాడు, బాక్సులో పెట్టారు’ అనే మాట బయట బెంచీల మీదికి వచ్చేస్తుంది. బాక్సులో పెట్టి ఆక్సిజన్ ఇస్తారు. అసలు సంగతి అక్కడే బయటపడాలి. ఊపిరితిత్తుల జబ్బయితే, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే మీటరు మీద అంకె పైకి లేస్తుంది. టీజీఏ అయితే నూటికి నూరు పాళ్లు ఆక్సిజన్ పెట్టినా 60, 70 దగ్గరే పట్టుకు వేలాడుతుంది. ఆ ఆక్సిజన్ ఊపిరితిత్తుల చుట్టూ తిరుగుతోందే తప్ప ఒంట్లోకి దారి లేదు మరి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండి, బిడ్డ పెద్దగా ఆయాసపడకుండానే నీలంగా ఉంటే, అది గుండె అని అనుమానించి తీరాలి.

అనుమానం వచ్చాక చేసే మొదటి పని అడ్డదారులను తెరిచి ఉంచడం. ప్రోస్టాగ్లాండిన్ ఇ1 అనే మందు నరంలోకి ఆగకుండా ఎక్కిస్తే మూసుకుపోతున్న డక్టస్ తిరిగి తెరుచుకుంటుంది. 1970ల మధ్య నుంచి వాడుకలోకి వచ్చిన మందు ఇది, పుట్టు గుండె జబ్బుల్లో ఏ ఒక్క ఆపరేషన్‌కూ తీసిపోని మేలు చేసింది. ఒక చిక్కుంది. ఈ మందుకు కొందరు పిల్లలు ఊపిరి తీయడమే మర్చిపోతారు. కాబట్టి మందు మొదలుపెట్టిన చోట గొంతులో ట్యూబు వేయగలిగిన మనిషి కూడా ఉండాలి.

మందు చాలకపోతే గండి కొట్టాలి. డెల్టాలో గండి అంటే గుండె గుభేలుమనే మాట. ఇక్కడ అదే ప్రాణదానం. 1966లో ఫిలడెల్ఫియాలో విలియం రాష్‌కైండ్ అనే డాక్టరు ఒక పద్ధతి కనిపెట్టాడు. తొడ దగ్గర సిర లోంచో, బొడ్డు సిర లోంచో సన్నటి గొట్టాన్ని గుండె కుడి పై గదిలోకి, అక్కడి కిటికీ లోంచి ఎడమ పై గదిలోకి పంపుతారు. దాని కొసన ఉన్న బెలూన్‌ను రెండు మూడు మిల్లీలీటర్ల సెలైన్‌తో ఉబ్బిస్తారు. తర్వాత ఒక్క కుదుపుతో వెనక్కి లాగుతారు. గోడ చిరుగుతుంది. మంచి రక్తం, చెడు రక్తం కలుస్తాయి. ఎకో చూసుకుంటూ ఐసీయూ మంచం మీదే చేసేయొచ్చు. 40 దగ్గర ఉన్న మీటరు కాసేపట్లోనే 75, 80కి లేవడం ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ కనిపిస్తుంది. గుండె ఆపరేషన్ కాని ఈ చిన్న పనికి అంత బలం ఉంది. జబ్బు తగ్గినట్టు కాదు, గడువు దొరికినట్టు.

అసలు ఆపరేషన్‌కు దారి మాత్రం వంకరటింకరగా వచ్చింది. ఈ లోపాన్ని 18వ శతాబ్దం చివర్లోనే లండన్‌లో మాథ్యూ బేలీ వర్ణించాడు. గొట్టాలు మారాయి కాబట్టి గొట్టాలు కోసి మార్చి కుట్టేస్తే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. కెనడా సర్జన్ విలియం మస్టర్డ్ 1950ల మొదట్లోనే అది ప్రయత్నించాడు. అప్పటికి సరైన హార్ట్–లంగ్ మెషిన్ లేక, బిడ్డ రక్తానికి ఆక్సిజన్ పట్టించడానికి కోతి ఊపిరితిత్తులను వాడాడు. ఆ పిల్లలు బతకలేదు. ధమనులు మార్చడం కంటే కష్టమైన ముడి ఇంకోటి ఉంది. గుండె కండరానికి రక్తమిచ్చే రెండు కరోనరీ ధమనులు బృహద్ధమని మొదట్లోంచే పుడతాయి. పెద్ద గొట్టాన్ని మార్చి వీటిని పాత చోటే వదిలేస్తే గుండెకే చెడు రక్తం అందుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డలో ఆ ధమని మందం మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర. కొంచెం మెలిపడినా, కొంచెం లాగినట్టయినా గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది.

అందుకని సర్జన్లు పక్కదారి పట్టారు. కింద గొట్టాలు మార్చలేకపోతే పైన నీటినే మళ్లిద్దాం అనుకున్నారు. 1950ల చివర్లో స్వీడన్‌లో ఆకే సెన్నింగ్ పై గదుల గోడలనే మడిచి కుట్టి, చెడు రక్తం ఎడమ జఠరికకు, మంచి రక్తం కుడి జఠరికకు పోయేలా దారులు అడ్డం తిప్పాడు. 1963లో టొరంటోలో అదే మస్టర్డ్, గుండె చుట్టూ ఉండే పొర ముక్కతో ఇంకొంచెం తేలికైన పద్ధతిలో అదే పని చేశాడు. తొలి ప్రయత్నాల్లో అందరూ పోయినా దశాబ్దం తర్వాత మళ్లీ అదే జబ్బు ముందు నిలబడ్డ మనిషి అతను. ఈ రెండు ఆపరేషన్లతో వేల మంది పిల్లలు పెద్దవాళ్లయ్యారు. లెక్కల్లో రెండు తప్పులు చేస్తే జవాబు సరిపోయినట్టు, రెండు తారుమార్లు కలిసి రక్తం సరైన దారిన పడింది. అయితే ఒళ్లంతటికీ రక్తం తోసే బరువు కుడి జఠరిక మీదే మిగిలింది. ఊపిరితిత్తులదాకా తోయడానికి పుట్టిన పల్చటి కండరం అది. ముప్పై, నలభై ఏళ్లకు అలసిపోతుంది. పై గదుల్లో కుట్లు ఎక్కువ కాబట్టి గుండె లయ కూడా తప్పుతుంది.

1975లో బ్రెజిల్‌లోని సావో పౌలోలో అదిబ్ జాతెనె అసలు ముడి విప్పాడు. కరోనరీలతో సహా ధమనులను మార్చి కుట్టాడు, బిడ్డ బతికింది. తర్వాతి కాలంలో ఆయన ఆ దేశ ఆరోగ్య మంత్రి కూడా అయ్యాడు. ఆ తొలి విజయంలో ఒక విశేషం ఉంది. ఆ బిడ్డ కింది గదుల గోడకు చిల్లు కూడా ఉంది. మళ్లీ చిల్లే కాపాడింది, ఈసారి వేరే రకంగా. టీజీఏలో ఎడమ జఠరిక ఊపిరితిత్తులకు మాత్రమే తోస్తుంది. పుట్టాక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పడిపోతుంది కాబట్టి దానికి పని తగ్గిపోతుంది. బస్తాలు మోసే మనిషి నెల్లాళ్లు మంచానపడి లేస్తే బస్తా ఎత్తలేడు చూడండి, ఎడమ జఠరికా అంతే. చిల్లు లేని బిడ్డలో రెండు మూడు వారాలు దాటితే ఆ కండరం పల్చబడుతుంది. అప్పుడు గొట్టాలు మార్చినా ఒళ్లంతటికీ తోయలేదు. కింది గదుల మధ్య పెద్ద చిల్లు ఉంటే రెండు వైపులా ఒత్తిడి సమానంగా ఉండి కండ నిలబడుతుంది. చిల్లు లేనివాళ్లకు పుట్టిన కొద్ది రోజుల్లోనే చేసేయాలని 1980ల మొదట్లో బోస్టన్‌లో ఆల్డో కాస్టనెడా బృందం చేసి చూపించింది. ఆలస్యమైనవాళ్ల కోసం మాగ్ది యాకూబ్ 1970ల్లోనే రెండంచెల దారి చూపాడు: ముందు పుపుస ధమనికి పట్టీ బిగించి ఎడమ జఠరికకు కసరత్తు చేయించడం, తర్వాత మార్చడం. మన దేశంలో పిల్లలు ఆలస్యంగా రావడమే ఎక్కువ కాబట్టి ఈ రెండో దారి ఇక్కడ ఇంకా పనికొస్తూనే ఉంది.

ఆపరేషన్ గదిలో ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే ఆ కష్టం అర్థమవుతుంది. మూడు కేజీల బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం పావు లీటరు పాల ప్యాకెట్ అంత. గుండె బిడ్డ పిడికిలంత. ఛాతీ మధ్య ఎముక కోసి తెరిచి, హార్ట్–లంగ్ మెషిన్‌కు కలిపి, ఒంటిని చల్లబరిచి, మందుతో గుండెను ఆపుతారు. డక్టస్‌ను ముడివేసి కోసేస్తారు. బృహద్ధమనిని అడ్డంగా కోస్తారు. కరోనరీ ధమని నోటిని ఒక్కదాన్నే ఊడదీయరు, చుట్టూ ఉన్న గోడ ముక్కతో కలిపి బొత్తాంలా కోసి తీస్తారు. కడియం నర్సరీలో మొక్కను వేరు పట్టి పీకరు కదా, మట్టిగడ్డతో లేపుతారు. ఇదీ అంతే. రెండు బొత్తాలనూ మెలిపడకుండా వెనకున్న ధమని మొదలుకు కుడతారు. ఇక మీదట అదే బృహద్ధమని. వాడే దారం తలవెంట్రుకకు సాటి, సర్జన్ కళ్లకు భూతద్దాల కళ్లజోడు ఉంటుంది. తర్వాత పుపుస ధమనిని దాని రెండు కొమ్మలతో సహా బృహద్ధమనికి ముందువైపు తెస్తారు. ఈ ఉపాయం ఫ్రెంచి సర్జన్ ఈవ్ లకోంత్‌ది, 1981 నాటిది. దాంతో కృత్రిమ గొట్టం అవసరం లేకుండా రెండు చివరలూ అందుతాయి. బొత్తాలు తీసిన చోట మిగిలిన గుంటలను బిడ్డ సొంత గుండె పొర ముక్కతో పూడుస్తారు. రాష్‌కైండ్ బెలూన్‌తో కొట్టిన గండిని కూడా ఇప్పుడు కుట్టేస్తారు. దాని పని అయిపోయింది.

చివరికి బృహద్ధమనికి వేసిన బిగింపు తీశాక కరోనరీల్లోకి రక్తం పారి గుండె కండరమంతా ఒకేలా గులాబీ రంగుకు వస్తే కుట్లు కుదిరినట్టు. ఒక పక్క మచ్చలా నల్లగా ఉండిపోతే మళ్లీ మొదటికి. వాపు వల్ల ఒకట్రెండు రోజులు ఛాతీ ఎముక మూయకుండా పైన పొర కప్పి ఐసీయూకి పంపడం మామూలే. ముందే చెప్పకపోతే అద్దంలోంచి చూసిన తండ్రి ప్రాణం అక్కడే పోయినంత పనవుతుంది.

పెద్ద ధమనుల లోపాలంటే టీజీఏ ఒక్కటే కాదు. పుపుస ధమని దారి ఇరుకై, కింది గోడకు చిల్లుండి, బృహద్ధమని ఆ చిల్లు మీద కూర్చుని ఉండే ఫాలో టెట్రాలజీ దీనికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఏడుస్తూ నీలమైపోయే పిల్లలు, ఆడుతూ ఆడుతూ గొంతుక్కూర్చునే పిల్లలు చాలావరకు వీళ్లే. 1944 నవంబరు 29న బాల్టిమోర్‌లో ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ చేతి ధమనిని ఊపిరితిత్తుల ధమనికి కలిపి ఇలాంటి బిడ్డ రంగు మార్చాడు. ఆలోచన పిల్లల గుండె డాక్టరు హెలెన్ టాసిగ్‌ది. దాన్ని కుక్కల మీద చేసి సాధించింది వివియన్ థామస్ అనే నల్లజాతి ల్యాబ్ సహాయకుడు. ఆ రోజు బ్లాలాక్ వెనక స్టూలు మీద నిలబడి ఎలా కుట్టాలో చెప్పిందీ అతనే, పేరు మాత్రం చాలా ఏళ్లు అతనికి రాలేదు. రెండు ధమనులూ విడిపోకుండా ఒకే బొంగుగా ఉండిపోయే ట్రంకస్ ఇంకో రకం. దానికి కవాటం ఉన్న గొట్టం అమర్చాలి, గొట్టం పిల్లాడితో పాటు పెరగదు కాబట్టి ఎదిగేకొద్దీ మార్చుకుంటూ పోవాలి.

ఈ లోపాలు ఎందుకొస్తాయి? ఇంట్లో మొదటి అనుమానం మేనరికం మీద, రెండోది గ్రహణం మీద, మూడోది తల్లి తిన్న బొప్పాయి మీద. దగ్గరి సంబంధాల్లో పుట్టు గుండె లోపాలు కొంత ఎక్కువన్నది నిజమే. కానీ టీజీఏ చాలావరకు కుటుంబంలో ఇంకెవరికీ లేకుండా ఒక్క బిడ్డకే వస్తుంది. గర్భానికి ముందు నుంచే తల్లికి అదుపులో లేని షుగర్ ఉంటే ముప్పు పెరుగుతుంది. మారాల్సింది ఏదైనా ఉంటే అది అక్కడుంది, గ్రహణం దగ్గర కాదు. గుండె ధమనులు విడిపడి మెలితిరిగే పని గర్భం ఏడెనిమిది వారాలకే పూర్తవుతుంది. నెల తప్పిన సంగతి ఇంట్లో అందరికీ చెప్పేలోపే అంతా అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఏం తిన్నదన్న లెక్క ఆ తల్లి మీద వేయడం అన్యాయం.

ముందే తెలుసుకునే అవకాశం కడుపులో బిడ్డ అవయవాలన్నీ చూసే ఐదో నెల టిఫా స్కాన్‌లో ఉంది. అక్కడ ఒక మెలిక ఉంది. స్కాన్‌లో గుండె నాలుగు గదులూ చూసి బాగున్నాయని రాసేస్తే టీజీఏ దొరకదు, ఎందుకంటే ఈ జబ్బులో నాలుగు గదులూ నిజంగానే బాగుంటాయి. ప్రోబ్‌ను ఇంకొంచెం పైకి వంచి ధమనులు రెండూ బయటికొచ్చే చోటు చూడాలి. మామూలు గుండెలో అవి ఒకదాన్నొకటి అడ్డంగా దాటతాయి. టీజీఏలో రైలు పట్టాల్లా పక్కపక్కన పోతాయి. కొన్ని నిమిషాల పని, చూడటం నేర్చుకున్న కన్ను కావాలి. దొరికితే మొత్తం కథ మారిపోతుంది. గుండె సర్జరీ ఉన్న ఊళ్లోనే పురుడు పోసుకోవచ్చు. మన దగ్గర దీనికి ఇంకో అడ్డు ఉంది. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. స్కాన్ భీమవరంలో, పురుడు అంబాజీపేటలో. ఫైలు ఒకచోట, మనిషి ఇంకోచోట. అనుమానమని రాసిన కాగితం కూడా కొన్నిసార్లు అత్తారింటి బీరువాలోనే ఉండిపోతుంది.

స్కాన్‌లో తప్పిపోయినా పుట్టిన 24 గంటలకు ఒక వల ఉంది. కోవిడ్ రోజుల్లో ప్రతి ఇంటికీ పరిచయమైన పల్స్ ఆక్సీమీటరే అది, పసిబిడ్డకు సరిపోయే ప్రోబ్‌తో. కుడిచేతికి ఒకసారి, ఒక కాలికి ఒకసారి పెట్టి చూడాలి. ఎక్కడైనా 90కి తక్కువ ఉంటే వెంటనే ఎకోకి పంపాలి. రెండు చోట్లా 95 గానీ అంతకు పైన గానీ ఉండి, చేతికీ కాలికీ తేడా మూడుకు మించకపోతే ఈ పరీక్ష దాటినట్టే లెక్క. మధ్యలో ఉంటే గంట ఆగి మళ్లీ చూస్తారు. కాలి దగ్గర అంకె చేతి దగ్గర కంటే ఎక్కువ ఉందంటే టీజీఏ అనుమానం ఇంకా బలపడుతుంది. పురుడు పోసే ప్రతి చోటా, చిన్న నర్సింగ్ హోమైనా, డిశ్చార్జి షీటు మీద ఈ రెండు అంకెలూ రాసే గడి ఉంటే చాలు. 2013లో మొదలైన, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే కేంద్ర పథకం ఆర్‌బీఎస్‌కేలో పుట్టు గుండె జబ్బులూ ఉన్నాయి. అయితే అంగన్‌వాడీకీ బడికీ వచ్చే బృందం టెట్రాలజీని పట్టగలదు. టీజీఏ బిడ్డ అంగన్‌వాడీ వయసు దాకా ఆగడు.

ఇక దారి. రాజోలు వైపు ఒక నర్సింగ్ హోమ్‌లో తెల్లవారుజామున బాబు పుట్టాడనుకుందాం. మధ్యాహ్నానికి మీటరు 65. అమలాపురంలో పిల్లల డాక్టరు గుండె అన్నారు. సాయంత్రానికి కాకినాడలోనో రాజమండ్రిలోనో ఎకో అయింది, టీజీఏ తేలింది. ఇక్కడి నుంచి విశాఖకైనా విజయవాడకైనా రోడ్డు మీద మూడు నాలుగు గంటలు. ఆ నగరాల్లోనైనా అప్పుడే పుట్టిన బిడ్డకు ధమనుల మార్పిడి చేసే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ గంటల్లో నాలుగు సంగతులు బిడ్డను నిలబెడతాయి: ఒళ్లు చల్లబడకుండా ఉండటం, రక్తంలో చక్కెర పడిపోకుండా ఉండటం, ప్రోస్టాగ్లాండిన్ ఆగకుండా పారటం, ఊపిరి ఆగితే తీయించగల మనిషి పక్కన ఉండటం. బండి వేగం వీటి తర్వాతే. ప్రోస్టాగ్లాండిన్ లేకుండా సైరన్ వేసుకుని పరుగెత్తిన బండి, చేరేసరికి ఒంట్లో ఆమ్లం పేరుకుపోయిన బిడ్డను అప్పగిస్తుంది. అలాంటి బిడ్డను వెంటనే బల్ల మీదికి తీసుకోరు, ముందు నిలబెట్టుకోవాలి. మందు జిల్లా కేంద్రంలోని ఫ్రిజ్‌లో ఉండి, ఫోను మీద గుండె డాక్టరు చెబుతుంటే ఇక్కడే మొదలుపెట్టగలిగితే సగం పని అయినట్టే. సగం అనేది మాటవరసకి కాదు.

వరదల్లో ఈ దారి ఇంకా సాగుతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలకు పడవే దిక్కయింది. నెలలు నిండినవాళ్లను వరద ముందే ఒడ్డుకు తరలించడం డెల్టా అధికారులకు అలవాటే. టిఫాలో అనుమానం ఉన్న తల్లి పేరు ఆ జాబితాలో మొదట ఉండాలి. కేరళలో 2017లో మొదలైన ‘హృద్యం’ పద్ధతి ఇక్కడ చూడదగ్గది. లోపం బయటపడ్డ బిడ్డను ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే, ఏ హాస్పిటల్లో చోటు ఉందో చూసి అక్కడికి పంపుతారు. తండ్రి ఒక చేత్తో రిపోర్టులు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని తెలిసినవాళ్లందరికీ చేయాల్సిన అవసరం తగ్గుతుంది.

డబ్బు సంగతి మునుపటంత భయంకరం కాదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో పిల్లల గుండె ఆపరేషన్లు ఉన్నాయి, అత్యవసరమైతే ఫోను మీదే అనుమతి తీసుకునే వీలుంది. 2021లో తిరుపతిలో టీటీడీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరిచాక రాష్ట్రంలోనే ఇంకో పెద్ద దిక్కు ఏర్పడింది. పథకం లెక్కలోకి రాని ఖర్చులు మాత్రం ఉంటాయి. తల్లి సిజేరియన్ కుట్లతో ఇక్కడ మంచం మీద ఉంటుంది, తండ్రి అక్కడ ఐసీయూ బయట. రక్తం ఇవ్వడానికి ఊరి నుంచి కుర్రాళ్లు కారు కట్టించుకుని వెళ్లాలి. మూడు నాలుగు వారాలు లాడ్జి. రోజుకూలీ కుటుంబానికి అదే ఇంకో ఆపరేషన్.

ఆపరేషన్ కుదిరిన పిల్లాడు బడికి పోతాడు, క్రికెట్ ఆడతాడు, కాలువలో ఈదుతాడు. ఛాతీ మీద నిలువు గీత తప్ప తేడా తెలియదు. అలా తెలియకపోవడం వల్లే చెకప్‌లు మానేస్తారు. మూడేళ్లు బాగుంటే నాలుగో ఏడాది ఎందుకని అనిపిస్తుంది. కానీ అతని బృహద్ధమని మొదలు పుట్టుకతో పుపుస ధమని. తక్కువ ఒత్తిడికి తయారైన ఆ గోడ ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడి మోస్తే మెల్లగా వెడల్పవుతుంది, కొందరిలో కవాటం కారుతుంది. ముందుకు తెచ్చిన పుపుస ధమని కొమ్మలు సాగి కొందరిలో ఇరుకవుతాయి. మళ్లీ చేయి పెట్టాల్సి వస్తే ఎక్కువసార్లు దానికోసమే. కుట్టిన కరోనరీలను పెద్దయ్యాక ఒకసారి బొమ్మ తీసి చూడటం మంచిది. ఏడాదికో రెండేళ్లకో ఒక ఎకో జీవితాంతం ఉంటుంది.

ఆ చెకప్‌లకు ఒక కాగితం కావాలి. డిశ్చార్జి సమ్మరీతో పాటు ఇచ్చే ఆపరేషన్ నోట్‌లో ఆ బిడ్డ కరోనరీలు ఎక్కడి నుంచి పుట్టాయో, ఎక్కడ కుట్టారో రాసి ఉంటుంది, కొందరు సర్జన్లు చేత్తో బొమ్మ కూడా గీస్తారు. డిశ్చార్జి రోజు హడావిడిలో చాలామంది దాన్ని అడిగి తీసుకోరు. తీసుకున్నా డెల్టా చెమ్మకు నాలుగైదు వర్షాకాలాల్లో మడతల దగ్గర చిరిగి, సిరా అలికిపోతుంది. బస్ ఎక్కేముందే ఫోటో తీసి ఇద్దరు ముగ్గురికి పంపి ఉంచాలి. పాతికేళ్ల వయసులో ఛాతీలో బరువుగా ఉందని ఆ కుర్రాడు ఏ ఊళ్లో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, స్కాన్ కంటే ముందు అడిగేది ఆ బొమ్మనే.